లైబ్రేరియన్ల పరిశోధనను కొలవడం ఎలా? పేపర్ల లెక్క, సైటేషన్ల చిక్కు

విశ్వవిద్యాలయంలో ఎవరు ఎన్ని పేపర్లు రాశారు, వాటిని ఎందరు ఉదహరించారు అని తేల్చాల్సి వస్తే ఆ పని తిరిగి తిరిగి గ్రంథాలయానికే చేరుతుంది. రసాయనశాస్త్ర విభాగానికీ వైద్య కళాశాలకూ సైటేషన్ (ఉదహరింపు) నివేదికలు తయారుచేసే లైబ్రేరియన్లు, అదే కొలబద్దను తమ సొంత రచనల మీద పెట్టి చూసుకుంటే అంకెలు తికమకగా వస్తాయి. ఒకరి హెచ్-ఇండెక్స్ 14 ఉంటుంది, అంటే కనీసం పద్నాలుగేసి సైటేషన్లున్న పేపర్లు పద్నాలుగు. అదే హోదాలో, అంతే అనుభవంతో పక్క గదిలో ఉన్నవారిది 3 ఉంటుంది. మొదటివారు నాలుగైదు రెట్లు మెరుగైన పరిశోధకులా? చాలాసార్లు కాదు. వారు వైద్య గ్రంథాలయంలో పనిచేస్తున్నారు, తేడా అక్కడే ఉంది.

అమెరికా సహా కొన్ని దేశాల్లోని అనేక విశ్వవిద్యాలయాల్లో లైబ్రేరియన్లకు అధ్యాపక హోదా ఉంది. పదోన్నతికీ, ఉద్యోగ స్థిరత్వానికీ ప్రచురణలు చూపించాలి. కాబట్టి ఈ లెక్క తప్పితే నష్టం కాగితం మీదే ఆగదు. తప్పడానికి మూడు చోట్లు ఉన్నాయి: ఎవరు లైబ్రేరియనో డేటాబేసులకు తెలియదు, ఈ రంగం పేపర్లను డేటాబేసులు వేరే రంగంతో కలిపేస్తాయి, ఈ పేపర్లు చదివేవాళ్ళలో ఎక్కువమంది పేపర్లు రాయరు. మూడోది అన్నిటికన్నా లోతైనది. మొదటిది అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేది.

ముందు మనుషుల జాబితా, తర్వాతే డేటాబేస్

చాలామంది నేరుగా స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ లాంటి సైటేషన్ డేటాబేసుల్లో చిరునామా గడిలో విశ్వవిద్యాలయం పేరు, దాని పక్కన 'లైబ్రరీ' అని కొట్టి మొదలుపెడతారు. ఇది రెండు వైపులా మోసం చేస్తుంది. పేపర్ మీద విశ్వవిద్యాలయం పేరు ఒక్కటే రాసుకున్న లైబ్రేరియన్ ఇందులో దొరకరు. వైద్య కళాశాల చిరునామా ఇచ్చినవారూ దొరకరు. మరోవైపు గ్రంథాలయ శాస్త్ర విభాగంలో పాఠాలు చెప్పే ఆచార్యులు, వారి పరిశోధక విద్యార్థులు వచ్చి పడతారు. వాళ్ళ పనివేళల్లో పరిశోధన ఒక భాగం. లైబ్రేరియన్ మాత్రం రిఫరెన్స్ డెస్కు, కొనుగోళ్ళు, కేటలాగింగ్, తరగతులు అన్నీ అయ్యాక మిగిలిన గంటల్లో రాస్తారు. ఈ ఇద్దరినీ ఒకే సంచిలో వేస్తే వచ్చే సగటు ఎవరిదీ కాదు.

అందుకని ఉద్యోగుల జాబితాతో మొదలుపెట్టాలి. సిబ్బంది కార్యాలయం నుంచి పేరు, హోదా, చేరిన తేదీ, మానిన తేదీ తీసుకోవాలి. ఇవాళ్టి జాబితా ఒక్కటే తీసుకుని పదేళ్ళ వెనక్కి లెక్కపెడితే, మధ్యలో వెళ్ళిపోయినవారి పేపర్లు మాయమవుతాయి. కొత్తగా చేరినవారు ఎక్కడో రాసినవి మీ ఖాతాలో పడతాయి. పాత జాబితాలు దొరక్కపోతే గ్రంథాలయం వెబ్ పేజీల పాత ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చాలావరకు ఉంటాయి.

ఎవరిని లైబ్రేరియన్ అనాలన్న నియమం ముందే రాసిపెట్టుకోవాలి. ఆర్కివిస్టు లెక్కలోకి వస్తారా? పరిశోధన డేటా నిర్వాహకులు? గ్రంథాలయంలోనే పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు? ఏ జవాబైనా ఫరవాలేదు, అందరికీ ఒకే జవాబు వర్తిస్తే చాలు. ఫలితాలు చూశాక నియమం మార్చడం మాత్రం లెక్కను పాడుచేస్తుంది.

తర్వాత పేర్లు. పెళ్ళయ్యాక మారిన ఇంటిపేరు, ఇంటిపేరు ముందు రాసే పద్ధతి, పొడి అక్షరాలు, ఉచ్చారణ గుర్తులు పోయిన అక్షరాలు, ప్రతిదీ ఒకే మనిషిని ఇద్దరిని చేస్తుంది. పేర్ల గందరగోళానికి విరుగుడుగా 2012లో వచ్చిన ఆర్కిడ్ అనే 16 స్థానాల గుర్తింపు సంఖ్య చాలా మేలు చేసింది. అయితే ఆర్కిడ్ పేజీని నింపుకోవాల్సింది రచయితే. పేజీ ఖాళీగా ఉందంటే పేపర్లు లేవని అర్థం కాదు. స్కోపస్ అలా కాదు, రచయిత ప్రొఫైల్‌ను తనంతట తానే తయారుచేస్తుంది. సహరచయితలు, సంస్థ, విషయం చూసి ఇవన్నీ ఒకరివే అని ఊహిస్తుంది. నర్సింగ్ సమీక్షలో ఒకసారి, ఓపెన్ యాక్సెస్ మీద ఒకసారి, కేటలాగింగ్ మీద ఒకసారి రాసే లైబ్రేరియన్ ఆ ఊహకు అందకుండా పోతారు. వారి పేపర్లు రెండు మూడు ప్రొఫైళ్ళుగా చీలిపోతాయి. రచయితే కోరితే వాటిని కలుపుతారు. కలిపే వరకు హెచ్-ఇండెక్స్ అసలు దానికన్నా తక్కువ చూపవచ్చు.

ఏది ప్రచురణ, ఏది కాదు

భౌతికశాస్త్రవేత్తకు ఈ ప్రశ్న పెద్దగా రాదు. లైబ్రేరియన్ల రచనల్లో పీర్ రివ్యూ (తోటి నిపుణుల పరిశీలన) అయిన వ్యాసాలతో పాటు పుస్తక సమీక్షలు, వృత్తి పత్రికల్లో శీర్షికలు, పుస్తక అధ్యాయాలు, సదస్సు పత్రాలు, పోస్టర్లు, సంపాదకీయాలు, గ్రంథసూచికలు, నివేదికలు ఉంటాయి. వీటన్నిటినీ ఒకే రాశిగా లెక్కపెడితే ఒక విచిత్రం జరుగుతుంది. పుస్తక సమీక్షలను దాదాపు ఎవరూ ఉదహరించరు. ఐదు వ్యాసాలకు 40 సైటేషన్లు ఉన్నవారి సగటు 8. వారే మరో 15 పుస్తక సమీక్షలు రాస్తే మొత్తం 20 రచనలు, సగటు 2. ఎక్కువ పని చేసినందుకు ప్రభావం నాలుగో వంతుకు పడిపోయినట్టు కనిపిస్తుంది.

కాబట్టి ప్రతి రచనకూ ఒక రకం కేటాయించి, ఉత్పత్తి లెక్కలో అన్నీ చూపి, సైటేషన్ లెక్కను పీర్ రివ్యూ వ్యాసాలకూ సమీక్షా వ్యాసాలకూ మాత్రమే పరిమితం చేయడం మంచిది. రకాన్ని డేటాబేసు చెప్పినట్టు గుడ్డిగా తీసుకోకూడదు. రెండు పేజీల శీర్షికను 'వ్యాసం' అని నమోదు చేసిన సందర్భాలు తరచుగా ఎదురవుతాయి. పేజీల సంఖ్య, కింద ఇచ్చిన ఆధారాల సంఖ్య చూస్తే చాలావరకు తేలిపోతుంది.

ఎక్కడ వెతికితే ఎంత దొరుకుతుంది

వెబ్ ఆఫ్ సైన్స్ మూలం 1964లో యూజీన్ గార్ఫీల్డ్ మొదలుపెట్టిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్. స్కోపస్, గూగుల్ స్కాలర్ రెండూ 2004లో వచ్చాయి. మొదటి రెండూ ఎంపికచేసిన పత్రికలనే తీసుకుంటాయి. గూగుల్ స్కాలర్ మాత్రం సిద్ధాంత గ్రంథాలు, సంస్థల రిపాజిటరీలు (రచనలను భద్రపరిచే ఆన్‌లైన్ భాండారాలు), నివేదికలు, ఇంగ్లీషేతర పత్రికలు అన్నిటినీ ఊడ్చుకొస్తుంది. 252 విషయ విభాగాల్లోని పేపర్లకు వచ్చిన 24 లక్షల పైచిలుకు సైటేషన్లతో ఈ మూడింటినీ పోల్చిన అధ్యయనం 2018లో వచ్చింది. మొత్తం సైటేషన్లలో గూగుల్ స్కాలర్ రంగాన్నిబట్టి 93 నుంచి 96 శాతం పట్టుకోగా, స్కోపస్ 35 నుంచి 77 శాతం, వెబ్ ఆఫ్ సైన్స్ 27 నుంచి 73 శాతం పట్టుకున్నాయి. మానవీయ, సామాజిక శాస్త్రాల వైపు వెళ్ళేకొద్దీ ఈ అంతరం పెరుగుతుంది. గ్రంథాలయ రంగం ఉన్నది ఆ వైపే.

అలాగని గూగుల్ స్కాలర్ ఒక్కటే చాలదు. అందులో ఒకే పేపర్ రెండు మూడు రూపాల్లో ఉంటుంది. విద్యార్థుల అసైన్‌మెంట్ కూడా సైటేషన్‌గా చేరొచ్చు. రచయిత ప్రొఫైల్‌లో కొత్త పేపర్లు వాటంతటవే చేరే ఏర్పాటు ఆన్ చేసి ఉంటే అదే పేరున్న మరొకరి పేపర్లు వచ్చి కూర్చుంటాయి. సంస్థ పేరుతో నమ్మకంగా వెతికే వీలు లేదు, ఒక శోధనకు 1000 ఫలితాలకు మించి చూపదు, మొత్తంగా దించుకునే దారీ ఇవ్వదు. 2006 నుంచి ఉచితంగా దొరుకుతున్న పబ్లిష్ ఆర్ పెరిష్ అనే సాఫ్ట్‌వేర్ వ్యక్తి పేరు మీద ఫలితాలను పట్టికగా తెచ్చిపెడుతుంది, ఏరుకోవడం మాత్రం మన పనే. 2022లో మొదలైన ఓపెన్ అలెక్స్ అనే సూచిక ఉచితం, మొత్తంగా దించుకోవచ్చు. దాని రచయిత గుర్తింపును మాత్రం చేత్తో సరిచూడకుండా వాడకూడదు.

గ్రంథాలయ రంగానికే ప్రత్యేకమైన సూచికలు లిస్టా, లీసా. ఇవి సైటేషన్లు లెక్కపెట్టడానికి అంతగా పనికిరావు, పేపర్లు ఉన్నాయని కనుక్కోవడానికి బాగా పనికొస్తాయి. లిస్టా ఉచితం. ఈ-లిస్ అనే రంగ రిపాజిటరీ 2003 నుంచి ఉంది. ఆచరణలో కుదిరే పద్ధతి ఇది: పేపర్ల జాబితా కోసం స్కోపస్ లేదా వెబ్ ఆఫ్ సైన్స్, వాటికి తోడు లిస్టా, ఆర్కిడ్, సొంత రిపాజిటరీ. సైటేషన్ల కోసం స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్‌లలో ఏదో ఒకటి, దాని పక్కన గూగుల్ స్కాలర్ అంకె వేరే నిలువు వరుసలో. ఈ రెండు అంకెలను ఎప్పుడూ కూడకూడదు, ఒకరికి ఒకటి మరొకరికి మరొకటి వాడకూడదు.

జాబితాలన్నీ కలిపాక నకళ్ళు తీసేయాలి. ముందు డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత డిజిటల్ గుర్తింపు) ఆధారంగా. అక్షరాలన్నీ చిన్నవిగా మార్చి, ముందున్న వెబ్ చిరునామా భాగం కొట్టేసి పోల్చాలి. డీఓఐ లేనివాటికి శీర్షికలో విరామ చిహ్నాలు తీసేసి మొదటి 50 అక్షరాలు, సంవత్సరంతో కలిపి పోల్చవచ్చు. సంవత్సరంలో ఒకటి అటూ ఇటూ తేడాను ఒప్పుకోవాలి, ఎందుకంటే ఆన్‌లైన్‌లో ముందు వచ్చిన ఏడూ, సంచికలో అచ్చయిన ఏడూ తరచుగా వేరు. ఒకే పేపర్‌ను ఇద్దరు లైబ్రేరియన్లు కలిసి రాస్తే వ్యక్తుల లెక్కలో అది రెండుసార్లు, గ్రంథాలయం మొత్తం లెక్కలో ఒక్కసారి. ఈ చిన్న విషయం దగ్గర చాలా నివేదికలు జారిపడతాయి.

ఒక్క పేపర్ లెక్కంతా మార్చేస్తే

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఒక లైబ్రేరియన్ ఎనిమిది పేపర్లకు వచ్చిన సైటేషన్లు వరుసగా 64, 9, 6, 5, 3, 2, 0, 0.

మొత్తం 89. సగటు 11.1. మధ్యగతం 4. హెచ్-ఇండెక్స్ కూడా 4, ఎందుకంటే కనీసం నాలుగేసి సైటేషన్లున్న పేపర్లు నాలుగున్నాయి, ఐదేసి ఉన్నవి ఐదు లేవు. భౌతికశాస్త్రవేత్త హోర్హే హర్ష్ 2005లో ప్రతిపాదించిన ఈ సూచికకు అత్యధిక సైటేషన్లు ఎన్నున్నా పట్టదు. ఆ 64 స్థానంలో 640 ఉన్నా 4 అలాగే ఉంటుంది. ఆ లోటు పూడ్చడానికి లియో ఎగ్గే 2006లో జీ-ఇండెక్స్ తెచ్చారు. పై నుంచి కూడుకుంటూ వెళ్ళి, పేపర్ల సంఖ్య వర్గానికి తగ్గకుండా మొత్తం ఎంతవరకు నిలుస్తుందో చూస్తారు. ఇక్కడ ఎనిమిది వర్గం 64, మొత్తం 89, కనుక జీ-ఇండెక్స్ 8. గూగుల్ స్కాలర్ చూపే ఐ10 సూచిక మాత్రం 1, కనీసం పది వచ్చింది ఒక్కదానికే. ఒకే మనిషికి 11.1, 8, 4, 1. ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చన్నమాట, ప్రమాదం అక్కడే ఉంది.

ఇప్పుడు ఆ 64 ఏమిటో చూడాలి. అదొక వైద్య క్రమబద్ధ సమీక్ష అనుకుందాం, అంటే ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ పద్ధతి ప్రకారం వెతికి క్రోడీకరించే పేపర్. రచయితలు ఏడుగురు, లైబ్రేరియన్ శోధన వ్యూహం తయారుచేశారు. వైద్యరంగంలో క్రమబద్ధ సమీక్షలకు సైటేషన్లు విరివిగా వస్తాయి, గ్రంథాలయ పత్రికల్లో పేపర్లకు అలా రావు. భాగాల లెక్కన ఆ 64ను ఏడుతో భాగిస్తే వారి వాటా 9.1. ఆ పేపర్‌ను పక్కన పెడితే మిగిలిన ఏడింటి సగటు 3.6. ఇలాంటి సమీక్షలు అనేకం చేరినప్పుడే మొదట్లో చెప్పిన 14కీ 3కీ మధ్య తేడా పుడుతుంది.

అలాగని ఆ పేపర్‌ను తీసేయమనడం అన్యాయం. మంచి శోధన లేకపోతే క్రమబద్ధ సమీక్షే లేదు. ఆ శోధనను ఎలా నివేదించాలో చెప్పే ప్రిస్మా-ఎస్ మార్గదర్శకాలు 2021లో వచ్చాయంటే ఆ పని బరువు తెలుస్తుంది. పరిష్కారం సులభమే: గ్రంథాలయ రంగంలో రాసినవాటినీ, ఇతర రంగాల బృందాలతో రాసినవాటినీ వేర్వేరు వరుసల్లో చూపాలి. పూర్తి లెక్క, భాగాల లెక్క రెండూ ఇవ్వాలి. పత్రిక క్రెడిట్ పద్ధతి (ఏ రచయిత ఏ పని చేశారో చెప్పే వర్గీకరణ) పాటిస్తే, అందులోని 14 పాత్రల్లో లైబ్రేరియన్ ఏది పోషించారో పేపర్‌లోనే రాసి ఉంటుంది. దాన్ని నమోదు చేసుకోవచ్చు.

దీనికి తలకిందులుగా మరో సమస్య ఉంది. అంతే పని చేసి రచయితల వరుసలోకి ఎక్కని లైబ్రేరియన్లు ఎందరో. వారికి చివర్లో కృతజ్ఞతల వాక్యం ఒకటి మిగులుతుంది. రచయిత పేరుతో చేసే శోధన దాన్ని పట్టుకోదు. పూర్తి పాఠం వెతకనిచ్చే చోట పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికితే కొన్ని బయటపడతాయి. వీటిని సైటేషన్ లెక్కలో కలపక్కర్లేదు, విడిగా ఒక జాబితాగా పెట్టినా పదోన్నతి కమిటీకి వేరే చిత్రం కనిపిస్తుంది.

సొంత సైటేషన్ల విషయం ఇంత గొడవ కాదు. తన పాత పేపర్‌ను తాను ప్రస్తావించడం సహజమే. స్కోపస్‌లో వాటిని తీసేసి చూసే వీలుంది. తీసినప్పుడు అంకె సగానికి పడితే మాత్రం ఒకసారి ఆ పేపర్లు తెరిచి చూడాలి.

పత్రిక అంకె, పరాయి రంగం

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనేది పత్రికకు చెందిన అంకె. గత రెండేళ్ళలో పత్రిక అచ్చువేసినవాటికి ఈ ఏడు వచ్చిన సైటేషన్లను, ఆ రెండేళ్ళ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వస్తుంది. ఆ భాగహారంలో పైన అన్ని రకాల రచనలకూ వచ్చిన సైటేషన్లు చేరతాయి, కింద వ్యాసాలూ సమీక్షా వ్యాసాలూ మాత్రమే ఉంటాయి. గ్రంథాలయాల్లో ఒక కొత్త పద్ధతి ప్రవేశపెట్టి, ఫలితం చూసి, దాని మీద మరొకరు రాసి, అది అచ్చయ్యేసరికి రెండేళ్ళు సులభంగా దాటిపోతాయి. ఆ సైటేషన్ ఇందులో ఎప్పటికీ చేరదు. స్కోపస్ వాడే సైట్‌స్కోర్ నాలుగేళ్ళు చూస్తుంది, ఈ రంగానికి అది కాస్త నయం.

అసలు చిక్కు విభాగంలో ఉంది. వెబ్ ఆఫ్ సైన్స్‌లో సమాచార శాస్త్రం, గ్రంథాలయ శాస్త్రం కలిపి ఒకే విభాగం. ఎంఐఎస్ క్వార్టర్లీ లాంటి వ్యాపార సమాచార వ్యవస్థల పత్రికలు కూడా అందులోనే ఉన్నాయి. అవి మేనేజ్‌మెంట్ రంగం తీరులో సైటేషన్లు రాబట్టుకుంటాయి. అదే విభాగంలో కాలేజ్ అండ్ రీసెర్చ్ లైబ్రరీస్, జర్నల్ ఆఫ్ అకడమిక్ లైబ్రేరియన్‌షిప్ ఉంటాయి. లైబ్రేరియన్లు ఏ పత్రికలో అచ్చవడాన్ని గౌరవంగా భావిస్తారో అది ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ప్రకారం వేసే వరుసలో కిందికి జరిగిపోవచ్చు. 'మొదటి పావు పత్రికల్లోనే రాయాలి' అన్న నియమాన్ని లైబ్రేరియన్లకు యథాతథంగా వర్తింపజేసే కమిటీ, తెలియకుండానే వాళ్ళను మేనేజ్‌మెంట్ పత్రికల్లో రాయమంటోంది.

రంగాల తేడాను సరిచేయడానికి పుట్టిన కొలతలు కూడా ఈ మిశ్రమం నుంచి పూర్తిగా తప్పించుకోలేవు. స్కోపస్ సమాచారంతో కట్టే రంగానుగుణ సైటేషన్ ప్రభావంలో 1.0 అంటే అదే రంగం, అదే ఏడు, అదే రకం పేపర్ల ప్రపంచ సగటు. ఒక పేపర్‌కు 3 సైటేషన్లు వచ్చాయి, రంగం సగటు 1.5 అనుకుంటే విలువ 2.0. అధిక సైటేషన్ల పొరుగు రంగం కలిసి ఆ సగటు 6కు చేరితే అదే పేపర్ విలువ 0.5. పేపర్ మారలేదు, పక్కన నిలబెట్టినవాళ్ళు మారారు. దీనికి దారి సొంత పోలిక సమూహం కట్టుకోవడమే. లైబ్రేరియన్లు నిజంగా రాసే పది పదిహేను పత్రికలు ఎంచుకుని, ఒక్కో ఏడు వాటిలో వచ్చిన వ్యాసాల సైటేషన్లను వరుసలో పెట్టి, మీ పేపర్ ఆ వరుసలో ఎన్నో శాతం దగ్గర నిలుస్తుందో చూడాలి. స్ప్రెడ్‌షీట్ చాలు, రెండు రోజుల పని. ఏ పత్రికలు ఎంచుకున్నారో నివేదికలో రాస్తే ఎవరైనా ప్రశ్నించగలరు, ప్రశ్నించనివ్వాలి కూడా.

చదివినవాళ్ళు రాయకపోతే

సైటేషన్ అంటే ఒక పేపర్ చదివి, మరో పేపర్ రాసి, అందులో దాన్ని పేర్కొనడం. గ్రంథాలయ పరిశోధనను చదివేవారిలో ఎక్కువమంది చదివి పని మార్చుకుంటారు. ఒక పేపర్ చూసి రిఫరెన్స్ డెస్కు వేళలు మార్చిన గ్రంథాలయం, ఒక అధ్యయనం చూసి పత్రికల ప్యాకేజీ రద్దుచేసుకున్న గ్రంథాలయం ఆ సంగతి ఎక్కడా అచ్చువేయవు. కాబట్టి ఇక్కడ సున్నా సైటేషన్లంటే చదవలేదని అర్థం కాదు. వంటలక్క పుస్తకంలో చూసి వండుతుందే గానీ, పుస్తకం పేరు ప్లేటు మీద రాయదు కదా.

ఈ వాడకాన్ని చూపే ఆనవాళ్ళు కొన్ని ఉన్నాయి, ఒక్కోదానికీ ఒక్కో లోపం. డౌన్‌లోడ్ల సంఖ్య మొదటిది. కౌంటర్ అనే వాడక లెక్కల ప్రమాణం ప్రకారం లెక్కించిన అంకెల్లో రోబోల రాకపోకలనూ, వెంటవెంటనే పడిన జంట క్లిక్కులనూ వడపోస్తారు. ఆ ప్రమాణం పాటించని రిపాజిటరీ అంకెతో దీన్ని పోల్చకూడదు. పేపర్ రిపాజిటరీలో, పత్రిక సైటులో రెండు చోట్లా ఉంటే రెండూ విడివిడిగా చూపాలి. 2010 నుంచి ప్రచారంలోకి వచ్చిన ఆల్ట్‌మెట్రిక్స్ సామాజిక మాధ్యమాల ప్రస్తావనలు లెక్కిస్తాయి. లైబ్రేరియన్లు తమలో తాము ఆన్‌లైన్‌లో బాగా మాట్లాడుకునే జనం, అందుకని ఆ స్కోరు వృత్తి లోపలి సందడినే చూపుతుందేమోనని అనుమానించడం మంచిది. పాఠ్యప్రణాళికల్లో చేరిన పేపర్లు, ఇతర గ్రంథాలయాలు అనుమతి తీసుకుని వాడుకున్న సర్వే ప్రశ్నావళులు, కాపీ చేసుకుని మార్చుకున్న విషయ మార్గదర్శినులు, గిట్‌హబ్‌లో ఇతరులు తీసుకెళ్ళిన కోడ్, వృత్తి సంఘాల ప్రమాణ పత్రాల్లో వచ్చిన ప్రస్తావనలు ఇంకా గట్టి సాక్ష్యాలు. వీటిని అంకెగా మార్చే ప్రయత్నం వద్దు. ఎవరు, ఎప్పుడు, దేనికి వాడారు అని ఒక్కో వాక్యం రాసి పెట్టడమే సరైన రూపం.

నివేదిక చేతికిచ్చే ముందు

కాలం సమానం చేయాలి. 2014 పేపర్‌నూ 2022 పేపర్‌నూ ఇవాళ్టి మొత్తం సైటేషన్లతో పోలిస్తే పాతదే గెలుస్తుంది. అచ్చయిన ఏడు, దాని తర్వాతి మూడేళ్ళు అని కిటికీ పెట్టుకుని ప్రతి పేపర్‌కూ అంతవరకే లెక్కించాలి. కిటికీ ఇంకా పూర్తికాని పేపర్లను సైటేషన్ పట్టికలో పెట్టకూడదు. డేటా అంతా ఒకే వారంలో తీసి, తీసిన తేదీ పట్టిక మీదే వేయాలి.

సగటు కన్నా మధ్యగతాన్ని ముందు చూపాలి. దాని పక్కన ఒక్క సైటేషన్ కూడా రాని పేపర్ల శాతం, పై పది శాతంలో నిలిచిన పేపర్ల సంఖ్య, సహరచయితల సగటు ఇస్తే చాలు. ముప్పై మంది లైబ్రేరియన్లున్న చోట వ్యక్తులకు ర్యాంకులు ఇవ్వడంలో అర్థం లేదు. ఇద్దరి మధ్య తేడా మూడు సైటేషన్లే అయితే అది ఒకరి స్నేహితుడు రాసిన ఒక్క పేపర్‌తో తారుమారవుతుంది. 2012 డిసెంబరులో రూపుదిద్దుకుని 2013లో వెలువడిన, పరిశోధన మూల్యాంకనం మీది డోరా ప్రకటన పత్రిక అంకెతో వ్యక్తిని తూచవద్దంటుంది. 2015లో వచ్చిన, పరిశోధన కొలతల వాడకం మీది లైడెన్ మేనిఫెస్టో పది సూత్రాల్లో, కొలతకు లోనయ్యేవారు తమ డేటాను సరిచూసుకోగలగాలన్నది ఒకటి. గ్రంథాలయంలో ఈ సూత్రాన్ని అమలుచేయడం కన్నా సులభమైన పని లేదు, చేయకపోవడానికి సాకూ లేదు. ప్రతి లైబ్రేరియన్‌కూ వారి పేపర్ల జాబితా పంపి రెండు వారాల గడువివ్వాలి. అంకెలు ఇంకా పంపకూడదు, జాబితా మాత్రమే. అంకె కనిపిస్తే చర్చ అంకె మీదికి మళ్ళుతుంది, పేపర్లు సరిచూడటం ఆగిపోతుంది. సాధారణంగా తిరిగొచ్చే సవరణలు మూడు రకాలు: ఏ డేటాబేసులోనూ లేని పుస్తక అధ్యాయాలు, మరొకరి పేరు మీద చేరిన పేపర్లు, పాత ఉద్యోగంలో ఉండగా రాసి ఇక్కడ చేరాక అచ్చయినవి. మూడోదానికి నియమం ముందే ఉండాలి. పేపర్ మీద ఏ సంస్థ పేరు అచ్చయిందో ఆ సంస్థకే వేయడం అన్నిటికన్నా తక్కువ గొడవ తెచ్చేది.